ఖాళీ విమానంలో ఇద్దరు

మార్టూరు
11 జూన్ 2006

రమ్యకు, గాలిలో ఉంటే దిగాక, నేల మీద ఉంటే కూర్చుని చదవమని మావయ్య రాస్తున్న ఉత్తరం.

మొన్న మీ అమ్మ ఫోను నా చెవికి ఆనించి "మాట్లాడరా, నీ మేనకోడలు" అంది. మాట్లాడాను. నువ్వేం చెప్పావో ఒక్క ముక్క వినపడలేదు. తర్వాత తెలిసింది, నువ్వు "అత్తయ్యకి జ్వరం తగ్గిందా" అని అడిగావట. దానికి నేను "తొందరేముంది, దసరాకి చూద్దాంలే" అన్నానట. మీ అత్తయ్య రాఘవమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇరవై రెండేళ్ళు గ్రానైటు కోసే రంపాల పక్కన నిలబడ్డ చెవులివి. వీటి మీద నాకు కోపం లేదు కానీ, ఇకనుంచి మనిద్దరికీ పోస్టుమానే దిక్కు. ఇందులో ఒక సుఖం కూడా ఉంది. ఫోనులో నువ్వు చెప్పేది మీ అమ్మా, ఆమె వెనకాల వీధి మొత్తమూ వింటారు. ఉత్తరమైతే నేనొక్కణ్ణే చదువుకుని, వాళ్ళకి నాకు నచ్చిన అబద్ధం చెప్పుకోవచ్చు.

మీ అమ్మ ఆపకుండా చెప్పడం వల్ల, నువ్వు విమానం నడుపుతావని తెలియనివాడు మార్టూరులో లేడు. నిన్న అల్లాబక్షు నన్ను ఆపి, "మీ అమ్మాయి మద్రాసు పోయే దారేగా యలమందన్నా, మా మూడెకరాల పత్తి మీద కాస్త కిందగా వచ్చి మందు కొట్టి పోకూడదా" అన్నాడు. నడిపేది నువ్వు కాదనీ, పక్క సీట్లో కూర్చునే కో-పైలట్‌వనీ చెబితే పరువు పోతుందని ఊరుకున్నాను. "కొడుతుంది, కానీ మందు డబ్బాలు నువ్వే హైదరాబాదు మోసుకెళ్ళి ఇవ్వాలి" అన్నాను. ఆలోచిస్తున్నాడు.

మా ఫ్యాక్టరీలో గ్యాంట్రీకి ఇనుప తాడు మారుస్తున్నాం. గ్యాంట్రీ అంటే నీకు తెలుసుగా, చిన్నప్పుడు చూసి ఏడ్చావు. పట్టాల మీద నడుస్తూ ఇరవై టన్నుల రాతి దిమ్మెల్ని ఎత్తే ఇనుప దూలం. తాడు మార్చాక అది బరువు మోస్తుందో లేదో పరీక్ష చేసి సరే అనేది నేనే. అందుకని ఒక సందేహం వచ్చింది. విమానం రిపేరు చేశాక, బాగుందో లేదో మొదట ఎక్కి చూసేదెవరు? నాలాంటి మేస్త్రీ మీకూ ఉంటాడా?

అత్తయ్య జ్వరం తగ్గింది. కోపం ఇంకా కొంచెం ఉంది.

మావయ్య
యలమందయ్య


బేగంపేట, హైదరాబాదు
29 జూన్ 2006

మావయ్యకు, కుడి చెవి దగ్గర గట్టిగా, నమస్కారాలు.

అల్లాబక్షు గారికి చెప్పు, మందు కొట్టడానికి అభ్యంతరం లేదు. కానీ నూట ఎనభై మంది ప్రయాణికుల చేత ముక్కులు మూయించే పూచీ ఆయనదే.

నీ సందేహం సరిగ్గా వేళకి వచ్చింది. మా కంపెనీ విమానాలు చాలావరకు అద్దెవి. ఒకదాని గడువు తీరింది, విదేశంలో ఉన్న యజమానికి తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చేముందు దాన్ని హ్యాంగర్ షెడ్డులో పెట్టి విప్పి, బిగించి, కొత్త రంగు వేశారు. ఇప్పుడు ఎవరో ఒకరు ఎక్కి గాలిలో అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసి సంతకం పెట్టాలి. జనం ఉండరు. దీన్నే టెస్ట్ ఫ్లైట్ అంటారు. ఆ ఎవరో ఒకరు ఎవరనుకున్నావు? కెప్టెన్ నాగేంద్రబాబు గారు, పక్కన నీ మేనకోడలు.

నాగేంద్రబాబు గారిది బాపట్ల. యాభై రెండేళ్ళు. ఆయన దించితే చక్రాలు నేలకి తగిలిన సంగతి ప్రయాణికులకి తెలియదు. ఇంతమంది కో-పైలట్లలో నన్నే అడిగారంటే నాకు రెండు అంగుళాల ఎత్తు పెరిగినట్టుంది. వచ్చే ఏడాది కెప్టెన్ల జాబితా తయారవుతోంది, ఇలాంటివి చేస్తే పేరు ముందుకొస్తుందట.

దీనికి శిక్షణ ఏమైనా ఉంటుందా అని మా మేనేజరు గారిని అడిగాను. "రోజూ జనంతో ఎగరేసే విమానమేగా, జనం లేకుండా ఎగరేయడానికి శిక్షణ ఏంటమ్మా" అన్నారు. నిజమే అనిపించింది. పధ్నాలుగు పేజీల జాబితా ఒకటి చేతికిచ్చారు. ఇంకో కంపెనీ వాళ్ళది జిరాక్సు తీశారు. తొమ్మిదో పేజీ సగం నల్లగా పడింది. "ఆ పేజీ వచ్చినప్పుడు ఇద్దరం కళ్ళు మూసుకుందాం" అన్నారు నాగేంద్రబాబు గారు. కడుపు పట్టుకుని నవ్వాం.

జూలై పద్నాలుగున ఎగురుతాం. అమ్మకి మాత్రం చెప్పకు.

రమ్య


మార్టూరు
6 జూలై 2006

రమ్యకు, మావయ్య క్షమాపణలతో మొదలుపెడుతున్నాడు.

నీ ఉత్తరం చదువుతుండగా మీ అమ్మ వచ్చింది. "ఏం రాసిందిరా" అని నా చెవిలో అరిచేసరికి "టెస్టు ఉందంట" అనేశాను. మిగతాది మింగేశాను. ఆ ఒక్క ముక్క చాలు కదా ఆవిడకి. "ఉద్యోగం వచ్చినాక కూడా పరీక్షలేంది, పిల్ల చదివి చదివి ఎండిపోదా" అని వీధంతా తిరిగింది. మర్నాడే అమరావతి వెళ్ళి, నువ్వు ఫస్టు క్లాసులో పాసైతే అభిషేకం చేయిస్తానని అమరేశ్వరుడికి మొక్కుకుని వచ్చింది. నీకు జ్ఞాపకశక్తి పెరగాలని సరస్వతి ఆకు లేహ్యం పార్సిలు పంపుతోంది. పొద్దున్నే ఒక చెంచా. నేను తిని చూశాను, చేదు. తిన్నాక కూడా నా కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు.

ఇప్పుడు అసలు మాట. మీ మేనేజరు చెప్పింది నాకు నచ్చలేదు. మా గ్యాంట్రీ నడిపే ప్రేమదాసు ఎంత పనివాడంటే, ఇరవై టన్నుల దిమ్మెని కోడిగుడ్డు మీద దించి గుడ్డు పగలకుండా తీస్తాడు. అయినా తాడు మార్చిన రోజు నేను లేకుండా వాడు మీట ముట్టుకోడు. ఎందుకంటే, నడిపేవాడు మిషను బాగుందని నమ్మి ఎక్కుతాడు. పరీక్ష చేసేవాడు అది బాగాలేదని నమ్మి ఎక్కాలి. రెండూ వేరే బుద్ధులమ్మా. ఒక బుద్ధితో ఇరవై ఏళ్ళు బతికినవాడికి రెండోది దానంతట అది రాదు, ఎవరో నేర్పాలి.

నేనైతే దిమ్మెని ఎత్తేముందే అనుకుంటాను, ఏ చప్పుడు వస్తే ఆపేయాలి, ఎక్కడ ఆపేయాలి అని. చెవులు పోయాక చప్పుడు బదులు అరచెయ్యి పెట్టి వణుకు చూస్తున్నాను. మొదట ఖాళీగా, తర్వాత సగం బరువు, తర్వాత పూర్తి బరువు. అడుగు ఎత్తు లేపి పది నిమిషాలు అట్టాగే ఉంచడం. కింద పురుగు కూడా ఉండకూడదు. ఈ ఉదయం కూడా గ్యాంట్రీ ఎక్కి చూసి వచ్చాను, భేషుగ్గా ఉంది.

మరి మీ ఇద్దరికీ ఎక్కడ ఆపాలో ఎవరు చెప్పారు? ఎంత ఎత్తులో ఏ పరీక్ష చేయాలో ఎవరు చెప్పారు? ఆ నల్లబడ్డ పేజీలో ఏముందో కనుక్కున్నారా? జవాబు రాయి. జోకు రాయకు.

యలమందయ్య


బేగంపేట, హైదరాబాదు
19 జూలై 2006

మావయ్యకు నమస్కారాలు.

టెస్ట్ ఫ్లైట్ అయిపోయింది. విమానం బాగానే ఉంది. వాతావరణం బాగుంది. కెప్టెన్ గారు బాగా నడిపారు. లేహ్యం అందిందని అమ్మకి చెప్పు. ఇక్కడ వాతావరణం బాగుంది. పండుమిరప పచ్చడి ఉంటే పంపు. పని ఎక్కువగా ఉంది, తర్వాత రాస్తాను.

రమ్య


మార్టూరు
25 జూలై 2006

వాతావరణ శాఖ వారికి, మార్టూరు నుంచి ఒక రైతుబిడ్డ విన్నపం.

తమరి ఉత్తరం అందింది. వాతావరణం బాగుందని రెండుసార్లు తెలియజేసినందుకు కృతజ్ఞతలు. మీ క్యాంటీన్‌లో సాంబారు పలచబడిన సంగతి గత ఏడాది నాలుగు పేజీలు రాశావు. జీవితంలో మొదటిసారి టెస్ట్ ఫ్లైట్ ఎగిరి ఎనిమిది ముక్కలు రాశావు. నాకు చెవులే పోయాయి, కళ్ళు పోలేదు.

తొమ్మిదేళ్ళప్పుడు నా సైకిలు తీసుకెళ్ళి కాలవలో పడేసిన రోజు కూడా నువ్వు ఇంటికొచ్చి "మావయ్యా, ఈ రోజు ఎండ బాగుంది" అన్నావు.

కాబట్టి నా నిర్ణయం విను. వారం లోపల నిజం రాయకపోతే మీ అమ్మ చేత పచ్చడి జాడీ పట్టించుకుని రైలెక్కుతాను. మీ క్యాంటీన్‌లో కూర్చుని నాగేంద్రబాబు గారిని పిలిపిస్తాను. నాకు వినపడదు కాబట్టి నేను అరిచి మాట్లాడతాను, ఆయన అరిచి జవాబు చెప్పాలి. "మా పిల్లని ఏం చేశారండీ" అని ఒక్క మాట అంటే చాలు, బేగంపేట అంతా వింటుంది. పక్కన మీ అమ్మ "పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయి బాబూ" అని అడుగుతుంది.

ఆలోచించుకో.

యలమందయ్య


బేగంపేట, హైదరాబాదు
2 ఆగస్టు 2006

మావయ్యా,

రైలెక్కకు. రాస్తున్నాను. చదివాక ఈ కాగితం పొయ్యిలో పెట్టు.

ఎనిమిది పేజీల దాకా అంతా సరదాగా జరిగింది. ఖాళీ విమానం ఎంత తేలిగ్గా లేస్తుందో నీకు తెలియదు. వెనక నూట ఎనభై ఖాళీ సీట్లు. నాగేంద్రబాబు గారు మైకు తీసుకుని ఆ సీట్లకి "ప్రయాణికులకు విజ్ఞప్తి, ఈ రోజు టిఫిను లేదు" అని చెప్పారు. నేను జాబితా చదవడం, ఆయన మీటలు నొక్కడం, నేను టిక్కు పెట్టడం.

తొమ్మిదో పేజీ నెమ్మదిగా ఎగిరే పరీక్ష. విమానం మరీ నెమ్మదిస్తే రెక్కలకి గాలి పట్టు పోతుంది. ఆపైన అది విమానం కాదు, మీ దిమ్మెలాంటిదే. అలా కాబోయే ముందు చేతిలో స్టిక్కు, అంటే విమానాన్ని పైకీ కిందికీ తిప్పే కర్ర, గజగజా వణికి హెచ్చరిస్తుంది. వేగం తగ్గించుకుంటూ పోయి, ఆ వణుకు రావలసిన చోట వస్తుందో లేదో చూడాలి. ఎంత ఎత్తులో చేయాలన్నది నల్లబడ్డ సగంలో ఉంది. ఇంకా పైకి వెళ్తామని అడిగితే నేల మీది కంట్రోల్ వాళ్ళు, పైన వేరే విమానాలున్నాయి, గంటన్నర ఆగమన్నారు. "ఆరు వేల అడుగులు చాల్లే, ఒక్క నిమిషం పని" అన్నారు కెప్టెన్.

వేగం నూట పన్నెండు దగ్గర వణకాలి. వణకలేదు. నూట పది. "ఇంకొంచెం చూద్దాం" అన్నారు. నూట ఏడు. అప్పుడు ఆపుదామని అనాలనిపించింది మావయ్యా. ఆయన పదకొండు వేల గంటలు ఎగిరిన మనిషి, నేను పక్క సీటు. ఆ మాట మింగేశాను. ఎక్కడ ఆపాలో మేము ముందు అనుకోలేదు. అనుకోవాలని మాకు తెలియదు.

ఎడమ రెక్క ఒక్కసారిగా కిందికి పోయింది. కిటికీలో ఆకాశం ఉండవలసిన చోట నేల ఉంది. కెప్టెన్ స్టిక్కు వెనక్కి లాగారు. పడిపోతుంటే ఎవరైనా అదే చేస్తారు. కానీ చేయవలసింది దానికి తలకిందులు, ముక్కు ఇంకా కిందికి దించాలి. నేను నా వైపు స్టిక్కు ముందుకి తోస్తున్నాను, ఆయన లాగుతున్నారు. ఒకే విమానం మీద ఇద్దరం కుస్తీ పట్టాం. "వదలండి సర్" అని అరిచాను. ఆయన మీద అరవడం అదే మొదలు. వదిలారు.

ఎంతసేపో తెలియదు. తేరుకునేసరికి నేల పధ్నాలుగు వందల అడుగుల దూరంలో ఉంది. ఒక మడుగులో గేదెలు కనిపించాయి. ఏడు. ఒకటి తలెత్తి మా వైపు చూసింది.

దిగాక ఆయన చొక్కా అంతా తడిసిపోయి ఉంది. చాలాసేపు బెల్టు విప్పుకోలేదు. తర్వాత, "ఇది మనిద్దరి మధ్యా ఉండనీ అమ్మా. హెచ్చరిక ఆలస్యంగా వచ్చిందని రాద్దాం. వాళ్ళు సరిచేసుకుంటారు. మిగతాది ఎందుకు" అన్నారు. ఆయన రాశారు. కింద నేను సంతకం పెట్టాను. హెచ్చరిక ఆలస్యంగా రాలేదు, అసలు రాలేదు.

ఇంజనీర్లు ఆ కాగితం చూసి కాక్‌పిట్‌లో ఏదో పెట్టె మార్చారు. ఈ నెల పద్దెనిమిదిన మళ్ళీ టెస్ట్ ఫ్లైట్. మళ్ళీ మేమిద్దరమే. అదే జాబితా. వెళ్ళనంటే కెప్టెన్ల జాబితాలో నా పేరు ఉండదు. ఏం చేయమంటావు?

నాకు ఆ గేదె కళ్ళముందు నుంచి పోవడం లేదు.

రమ్య


మార్టూరు
8 ఆగస్టు 2006

తల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కాల్చేశాను. మీ అత్తయ్య "ఏం కాలుస్తున్నారు" అంటే ఎవరో చీటీలు కట్టమని రాశారని చెప్పాను.

మీ కెప్టెన్ చెడ్డవాడైతే నాకు ఇంత భయం ఉండేది కాదు. చెడ్డవాడి పక్కన జాగ్రత్తగా కూర్చుంటాం. మంచివాడు, పనివాడు, మనల్ని నవ్వించేవాడు. అతని పక్కన మనకి నోరు రాదు.

వెళ్ళొద్దని నేను చెప్పను. చెప్పడం తేలిక, ఉద్యోగం నీది. కానీ నువ్వు సంతకం పెట్టిన వాక్యం సంగతి వేరు. ఆలస్యంగా వచ్చిందంటే ఇంజనీరు ఒకచోట వెతుకుతాడు, అసలు రాలేదంటే ఇంకోచోట వెతుకుతాడు. తప్పు కాగితం చూసి వాళ్ళు తప్పు పెట్టె మార్చి ఉండొచ్చు. పద్దెనిమిదిన మీరిద్దరు ఎక్కకపోతే మీలాంటి ఇంకో ఇద్దరు అదే కాగితం నమ్మి ఎక్కుతారు. ముందు ఆ వాక్యం మార్చు. మిగతాది తర్వాత ఆలోచిద్దాం.

నేను కులాసా. రోజూ ఫ్యాక్టరీకి నడిచే పోతున్నాను.

యలమందయ్య

రమ్యమ్మా, నేను అత్తయ్యని. కవరు అంటించమని ఇస్తే విప్పి ఇది రాస్తున్నాను. ఆయన ఫ్యాక్టరీకి నడిచి పోవడం లేదు, మంచం మీద నుంచి బాత్‌రూముకే నన్ను పట్టుకుని పోతున్నారు. జూన్ నెలాఖర్లో కాలు విరిగింది, నీకు చెప్పొద్దని మీ అమ్మ చేత ఒట్టు వేయించుకున్నారు. కొత్త తాడు పరీక్ష చేసే రోజు, చెన్నై ఓడకి సరుకు అందాలని ఓనరు తొందరపెట్టాడంట. పది నిమిషాలు ఆగాల్సింది ఆగలేదు. ప్రేమదాసు "అన్నా, బయటికి రా" అని అరిచాడంట. ఈయనకి వినపడి చస్తేగా. దిమ్మె జారి పక్కనున్న దుంగని తన్నితే అది వచ్చి కాలికి తగిలింది. అప్పట్నుంచి నీకు రాసిన ఉత్తరాలన్నీ పిండికట్టుతో పడుకుని రాసినవే. రైలెక్కుతానని రాశారంట కదా. మంచం దిగమను ముందు.


బేగంపేట, హైదరాబాదు
27 ఆగస్టు 2006

రోజూ నడిచే ఫ్యాక్టరీకి వెళ్ళే మావయ్యకు,

మార్టూరులో కూడా వాతావరణం బాగున్నట్టుంది.

నిన్ను తిట్టాలని నాలుగు పేజీలు రాసి చించేశాను. ఆ తిట్లన్నీ నాకూ సరిపోతున్నాయి. కానీ ఒకటి అడగాలి. అన్నీ తెలిసినవాడివి, కింద పురుగు కూడా ఉండకూడదని రాసినవాడివి, నువ్వెందుకు నిలబడ్డావు?

ఇక్కడ జరిగింది విను. అత్తయ్య చీటీ చదివిన రోజే నాగేంద్రబాబు గారి దగ్గరికి వెళ్ళాను. "సర్, ఆ వాక్యం మార్చి రాశాను. మీరూ సంతకం పెడితే ఇద్దరి పేరు మీదా ఇస్తాను. లేదంటే నేనొక్కదాన్నే ఇస్తాను. శిక్షణ ఇవ్వకుండా పద్దెనిమిదిన నేను ఎక్కను" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "నా ఉద్యోగం సంగతి ఆలోచించావా అమ్మాయ్?"

"మీ ప్రాణం సంగతి ఆలోచించాను సర్. నాది దాని పక్క సీట్లోనే ఉంటుంది కదా."

సంతకం పెట్టలేదు. నేనొక్కదాన్నే ఇచ్చాను. రెండో రోజుకి నన్ను ఎగరడం నుంచి తప్పించి ఆఫీసులో కూర్చోబెట్టారు. డ్యూటీ పట్టికలు టైపు చేసే పని. కెప్టెన్ల జాబితా వచ్చింది, నా పేరు లేదు. నాకంటే వెనక చేరిన చైతన్యకృష్ణ పేరు ఉంది. అతను వచ్చి నాకు స్వీటు ఇచ్చాడు. తిన్నాను, బాగుంది. తర్వాత బాత్‌రూములోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను.

కానీ నా కాగితం విదేశీ యజమాని మనిషి చేతికి వెళ్ళింది. అతను పద్దెనిమిది నాటి ఫ్లైట్ ఆపించి, బెంగళూరు నుంచి ఒకాయన్ని పిలిపించాడు. ఎయిర్‌ఫోర్స్‌లో కొత్త విమానాలు పరీక్షించి రిటైరైన మనిషి. బక్కగా ఉంటాడు, పంచె కడితే మన ఊరి పోస్టుమాస్టరు అనుకుంటావు. ఆయన విమానం ఎక్కలేదు. గంటసేపు చుట్టూ నడిచాడు. విమానం ముక్కు పక్కన చిన్న రెక్కలాంటి ముక్క ఒకటి ఉంటుంది, గాలి ఎటునుంచి వస్తుందో అది తిరిగి చెబుతుంది. దాన్నిబట్టే స్టిక్కు వణకాలి. దాన్ని వేలితో తోశాడు. కదల్లేదు. రెండో వైపు వెళ్ళి తోశాడు. అదీ కదల్లేదు. రంగు వేసినప్పుడు కారి లోపలికి దిగి ఎండిపోయింది. వాళ్ళు మార్చిన పెట్టెకి దీనికి సంబంధమే లేదు.

అంటే పద్దెనిమిదిన మేము ఎక్కి ఉంటే అదే పరీక్ష, అదే ఎత్తు, అదే నూట ఏడు.

ఆ సాయంత్రం నాగేంద్రబాబు గారు నా బల్ల దగ్గరికి వచ్చారు. "ఆ కాగితం కాపీ ఉందా" అన్నారు. ఇచ్చాను. నా సంతకం కింద సంతకం పెట్టి, ఆ రోజు తారీఖే వేశారు. పాత తారీఖు వేయలేదు. "లాగింది నేనే అని కూడా రాశాను" అని చెప్పి వెళ్ళిపోయారు.

ఆఫీసు కుర్చీకి చక్రాలున్నాయి మావయ్యా. అప్పుడప్పుడూ గదిలో ఆ చివర నుంచి ఈ చివరకి ఎగరేస్తున్నాను.

రమ్య


మార్టూరు
5 సెప్టెంబరు 2006

కుర్చీ పైలట్ గారికి, కుంటి మేస్త్రీ రాస్తున్నది.

ఎందుకు నిలబడ్డానో నాలుగు రోజులు ఆలోచించాను. నువ్వు తెలియక చేశావు, నేను తెలిసి చేశాను. వందసార్లు ఏమీ కాలేదు కదా, నూట ఒకటోసారి ఏమవుతుందిలే అనుకున్నాను. కాబట్టి నేర్చుకుంటే సరిపోతుందని నీకు బడాయిగా రాసినదాంట్లో సగం కొట్టెయ్యి. నేర్చుకున్నది ఆ రోజు కూడా చేయాలి. ఓనరు ఇప్పుడు గ్యాంట్రీ చుట్టూ గొలుసు కట్టించాడు. ప్రేమదాసు వచ్చి చెప్పి, నా కాలు చూసి, "పండ్లు తెచ్చానన్నా" అని ఒక నిమ్మకాయ ఇచ్చాడు. దారిలో మిగతావి వాడే తిన్నాడట.

నీ కుర్చీ సంగతి మీ అమ్మకి నేను చెప్పలేదు. నువ్వే ఫోనులో చెప్పావటగా. ఆవిడ సంతోషానికి హద్దు లేదు. "పరీక్ష పాసయింది, ఆఫీసర్ని చేశారు, ఫ్యాను కింద కుర్చీ ఇచ్చారు" అని పక్కింటి మౌలాబీకి చెబుతుంటే నేను మంచం మీద దుప్పటి కప్పుకుని నవ్వాను. నవ్వితే కాలు నొప్పి.

చైతన్యకృష్ణ స్వీటు గురించి రాశావు. ఏడ్చినదాని గురించి కూడా రాశావు. అది రాసినందుకు నాకు బాగుంది. మళ్ళీ వాతావరణం రాయకు.

యలమందయ్య


బెంగళూరు
12 నవంబరు 2006

మావయ్యకు, కర్ర లేకుండా నాలుగడుగులు వేశావని అత్తయ్య చెప్పింది, అందుకు ముందుగా సంతోషం.

చిరునామా చూసి ఆశ్చర్యపడకు. యజమాని కంపెనీ గట్టిగా పట్టుబట్టడంతో, టెస్ట్ ఫ్లైట్లకి వెళ్ళేవాళ్ళకి శిక్షణ ఉండాల్సిందేనని మావాళ్ళు ఒప్పుకున్నారు. ఎవరు వెళ్తారని అడిగితే నాగేంద్రబాబు గారు చెయ్యెత్తారట. "నేను పోతాను. నాతో ఆ పిల్లని పంపండి. నా మీద అరవగలిగిన కో-పైలట్ నాకు కావాలి" అన్నారట. అలా ఇద్దరం బడిలో పడ్డాం. యాభై రెండేళ్ళ మనిషి వెనక బెంచీలో కూర్చుని హోంవర్కు చేస్తున్నారు. మొన్న చూసి రాస్తూ దొరికిపోయారు, నా దాంట్లో చూసే. ఇద్దరిదీ తప్పే.

పాఠం చెప్పేది ఆ బక్కాయనే. మొదటి వారం విమానం ముఖం చూపించలేదు. జాబితా ఎలా రాయాలి, ఏ ఎత్తు, ఏ అంకె దగ్గర ఆపాలి, ఆపమని ఎవరు అంటారు, ఇవే. ఆపమనే మాట ఇద్దరిలో ఎవరన్నా రెండోవాడు ప్రశ్న వేయకూడదు. ఆ మాటని మా చేత పైకి అనిపించారు, పసిపిల్లల చేత ఎక్కాలు చెప్పించినట్టు. నాకు నవ్వొచ్చింది. నాలుగోసారికి రాలేదు.

నిన్న సిమ్యులేటర్ ఎక్కించారు. అది నేల మీద ఉండే బొమ్మ విమానం, కదులుతుంది, ఊగుతుంది, కిటికీలో నేలా ఆకాశమూ కనిపిస్తాయి. ఎన్నిసార్లు కూలినా దెబ్బ తగలదు. మా జూలై ఫ్లైటునే అందులో పెట్టారు. అదే బరువు, ఆరు వేల అడుగులు, వణకని స్టిక్కు, నూట ఏడు. "మీరు ఆ రోజు ఏం చేశారో అదే చేయండి" అన్నారు.

చేశాం. కూలిపోయాం. అద్దం ఎర్రగా అయి అంతా ఆగిపోయింది. మళ్ళీ అన్నారు. మళ్ళీ కూలిపోయాం. ఈసారి ఆయన లాగకుండా ముందే వదిలేశారు, అయినా నేల తగిలింది. సీట్లు మార్చుకున్నాం. నేను కెప్టెన్ సీట్లో కూర్చుంటే ఏం చేశానో తెలుసా? లాగాను. అరిచింది ఆయన. సాయంత్రం దాకా పదిసార్లు చేశాం మావయ్యా. ఏడుసార్లు చచ్చిపోయాం. అసలు విమానం ఇంతకంటే మొండిగా ఉంటుందని, సిమ్యులేటర్ కొంచెం దయ చూపిస్తుందని చెప్పారు గురువుగారు.

తర్వాత ఆయన లైట్లు వేసి అడిగారు, "మరి ఆ రోజు ఎలా బయటపడ్డారు?"

నేను నాగేంద్రబాబు గారి వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. నాలుగు నెలలుగా మేమిద్దరం మనసులో ఎక్కడో, చివరికి మన చేతి పనితనమే కాపాడిందని అనుకుంటూనే ఉన్నాం. గురువుగారు జవాబు కోసం ఆగలేదు, కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయారు.

నాగేంద్రబాబు గారు క్యాంటీన్‌కి తీసుకెళ్ళి రెండు ప్లేట్ల వడ చెప్పారు. తిన్నాం. చేతులు కడుక్కుని వచ్చి ఆయన అన్నారు, "రేపు ఎనిమిదింటికి అమ్మాయ్. ఆలస్యం చేయకు. బతికిన మూడుసార్లని పదికి తేవాలి."

రమ్య